తప్పిపోయిన ఫైలు, విడిపోయిన ఒత్తులు

2005 నాటి మాట. భద్రాచలం అప్పటికి ఖమ్మం జిల్లాలోనే ఉండేది. విశ్రాంత తెలుగు పండితులైన మా మాస్టారికి అంతర్జాలంలోని తెలుగు చూపుదామని, గోదావరి కరకట్టకు చేరువలో ఉన్న ఒక ఇంటర్నెట్ కేంద్రానికి వెంటబెట్టుకు వెళ్ళాను. తెర మీద ‘లక్ష్మి’ అని ఉండవలసిన చోట హల్లులు, పొల్లులు, గుడి విడివిడిగా పడి ఉన్నాయి. ఒత్తు ఒక్కటీ లేదు. “మన లిపి ఈ యంత్రానికి లొంగదురా అబ్బాయీ” అని మాస్టారు లేచిపోయారు. నాకూ నిజమే అనిపించింది.

తప్పు లిపిది కాదని తరువాత తెలిసింది.

1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు చోటు దక్కింది. అయితే అది ‘క్ష’ను ఒకే గుర్తుగా దాచదు, క, పొల్లు, ష అని మూడు సంకేతాల వరుసగా దాస్తుంది. వాటిని కూర్చి ఆకృతినిచ్చే పని విండోస్‌లో యూనిస్క్రైబ్‌ది. దాని నివాసం యూఎస్పీ10.డీఎల్ఎల్ అనే ఉమ్మడి ఫైలు. విండోస్ 2000 నాటికి దానికి దేవనాగరి, తమిళం వచ్చు, తెలుగు రాదు. 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఖతితో పాటు, తెలుగు నేర్చింది. అప్పుడైనా సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, విండోస్ సీడీ అందిస్తేనే పని జరిగేది.

డీఎల్ఎల్ అంటే ఊరుమ్మడి బావి వంటిది. 1980లలో మెమరీ కరువు. ప్రతి ప్రోగ్రామూ సొంత బావి తవ్వుకోకుండా అందరూ ఒకే బావిలో చేదుకునే ఏర్పాటు అది. ఒక ప్రోగ్రామును తొలగించినప్పుడు అది బావిని కూడా పూడ్చి పోవచ్చు. మరొకటి కొత్త ఫైలు మీద అదే పేరు గల పాతదాన్ని పెట్టిపోవచ్చు. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే సగం నీరే మిగలవచ్చు. ‘ఫలానా ఫైలు కనబడలేదు’ అని మొరపెట్టుకునేది చేద పట్టుకు వచ్చినవాడు; బావి పూడ్చినవాడు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటాడు. అందుకే ఆ సందేశంలో పేరున్న ప్రోగ్రామును తిట్టుకొని లాభం లేదు. సరైన ఫైలును అసలు మూలం నుంచే తెచ్చుకోవాలి.

అన్నిటికంటే మోసకారి తప్పు, సందేశమే ఇవ్వనిది. మాస్టారు చూసినది అదే. యంత్రం ఏమీ లోపించలేదన్నట్టు మౌనంగా ఉండిపోయింది. నింద లిపి మీద పడింది.

ఖమ్మం నుంచి మిత్రుడొకరు కొత్తగూడెం, పాల్వంచ అడవుల దారిన బస్సులో సీడీ తెచ్చేసరికి వారం పట్టింది. కేంద్రం యజమాని అనుమతితో ఎక్కించి, యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించాం. మాస్టారు వచ్చి, కళ్ళజోడు సవరించుకొని, తెర మీద వేలు పెట్టారు. “మకారం కిందికే వచ్చిందే!” అన్నారు. ఆ పూట ఆయన్ని కుర్చీలోంచి లేపడమే కష్టమైంది.

2018 ఫిబ్రవరిలో ఇదే కథ తిరగబడింది. ‘జ్ఞా’ను ఒక అదృశ్య విభజక సంకేతంతో కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. వార్తలన్నీ ‘తెలుగు అక్షరం’ పేరే మోశాయి. లోపం ఆ యాప్‌లన్నీ అక్షరాలు గీయడానికి ఆధారపడే కోర్‌టెక్స్ట్ అనే ఉమ్మడి భాగంలో ఉంది. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6తో అది సరిపడింది.

మన లిపిలో మాత్రం ఒక్క పొల్లు కూడా మారలేదు.