వంకాయకు అరువు వేళ్లు

నార్త్ కరోలినాలో ఇల్లు కొన్న మొదటి వేసవిలో పెరట్లో ఆరు వంగమొక్కలు నాటాను. ఇండియా నుంచి వస్తున్న అమ్మ చేత, ఇంట్లో కాసిన కాయలతోనే గుత్తివంకాయ కూర చేయించాలని నా పట్టుదల. పిందెలు పడ్డ వారానికే, ఆకులు పచ్చగా ఉండగానే, మొక్కలు తలలు వాల్చేశాయి. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోశాను. మూడు రోజుల్లో అన్నీ పోయాయి. మరుసటి ఏడూ అదే కథ. "ఈ మన్ను మనది కాదులేరా" అంది అమ్మ. ఆ మాట చాలాకాలం నన్ను బాధ పెట్టింది.

వాడిన కాండాన్ని కోసి గ్లాసు నీళ్లలో వేలాడదీస్తే, పాలలాంటి ధార కిందికి దిగింది. అది బాక్టీరియా ఎండు తెగులు. నేలలో ఏళ్ల తరబడి ఉంటుంది, మొక్కకు సోకిందంటే మందు లేదు. మన్ను మార్చలేం. వేరు మార్చవచ్చు!

అంటు కట్టడం మనకు కొత్తేమీ కాదు. అంటుమామిడి తెలియని తెలుగువాడు ఎవరు? ఆరవ శతాబ్దంలోనే వరాహమిహిరుడు 'బృహత్సంహిత'లోని వృక్షాయుర్వేద అధ్యాయంలో అంటు కట్టే పద్ధతి చెప్పాడు. అమెరికాకూ ఇందులో పెద్ద చరిత్ర ఉంది. 19వ శతాబ్దంలో ఇక్కడినుంచి వెళ్లిన ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్షతోటల వేళ్లను తినేసింది. ఆ పురుగుతోనే పుట్టి పెరిగిన అమెరికా అడవి ద్రాక్ష వేళ్లు మాత్రం దానికి తట్టుకున్నాయి. మిస్సోరీ కీటక శాస్త్రజ్ఞుడు చార్లెస్ రైలీ, టెక్సాస్ తోటల నిపుణుడు థామస్ మన్సన్ వంటివారి కృషితో ఆ వేళ్ల మీద ఫ్రెంచి ద్రాక్ష మళ్లీ నిలబడింది. మన్సన్‌ను 1888లో ఫ్రాన్సు ప్రభుత్వం సత్కరించింది కూడా.

కూరగాయల్లో దారి చూపినవారు జపాను, కొరియా రైతులు. 1920లలో పుచ్చను సొర, గుమ్మడి జాతుల వేళ్లపై కట్టారు. 1950లలో జపానులో వంగను ఎర్రకాయల మొరటు వంగపై కట్టారు. తర్వాత టమాటా వంతు వచ్చింది. అమెరికాలో ఇది ఆలస్యం కావడానికి ఒక కారణం మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు. నాటేముందు దానితో నేలను శుద్ధి చేసేవారు. ఓజోన్ పొరకు చేటని, మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2005 నుంచి కొన్ని మినహాయింపులతో దాన్ని ఆపేశారు. అప్పుడు అందరి చూపూ అంటు మీద పడింది. మా నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో రివార్డ్, లౌస్ అనే శాస్త్రజ్ఞులు పాతకాలపు టమాటాను 'హవాయి 7996' వంటి గట్టి వేళ్లపై కట్టి, ఈ తెగులును అదుపు చేయవచ్చని 2008లో ప్రచురించారు.

ఆసియాలో వంగకు పేరున్న అడవి వేరు ఒకటి ఉంది. మనవాళ్లు ఎండబెట్టి వేయించుకునే ఉస్తికాయ చెట్టే అది! అయితే అమెరికాలో అది ఫెడరల్ ప్రభుత్వం నిషేధించిన కలుపుమొక్కల జాబితాలో ఉంది. అందుకని నేను ఎండు తెగులుకు తట్టుకునే టమాటా వేరు తీసుకున్నాను. వంగ, టమాటా ఒకే కుటుంబం కాబట్టి అతుక్కుంటాయి. 2021లో వారణాసి కూరగాయల పరిశోధన సంస్థవారు ఒకే వంగ వేరుపై వంకాయ, టమాటా రెండూ కాయించారు.

పద్ధతి కష్టమేమీ కాదు. వంగ నిదానంగా పెరుగుతుంది గనుక దాని గింజలు ముందుగా వేయాలి. కాండాలు ఒకే లావుకు రాగానే రెంటినీ బ్లేడుతో ఏటవాలుగా కోసి, కలిపి, చిన్న సిలికాన్ క్లిప్పు పెట్టాలి. కొన్నాళ్లు తేమగా, వెచ్చగా, చీకట్లో ఉంచి, క్రమంగా వెలుతురు చూపాలి. నాటేటప్పుడు అతుకు మట్టిలోకి పోకూడదు. పోతే పైమొక్క తన వేళ్లు వేసుకుని మళ్లీ తెగులు తెచ్చుకుంటుంది. అతుకు కింద మొలిచే టమాటా చిగుళ్లు తుంచేయాలి.

నేను ఎనిమిది కడితే ఐదు బతికాయి. పక్కన నాటిన మామూలు వంగ జులైలోనే వాలిపోయింది. ఆ ఐదూ సెప్టెంబరు దాకా కాశాయి. అమ్మ కూర వండి, రుచి చూసి, "మన వంకాయే" అంది.

వేళ్లు మరిచిపోవద్దని మన సభల్లో తరచు చెప్పుకుంటాం. నా వంగమొక్క మాత్రం ఇంకో మాట చెప్పింది. ఈ నేలతో పోరాడే వేరు ఈ నేలకు తగ్గదే కావచ్చు, కాసే కాయ మనదే. అతుకును మాత్రం కనిపెట్టి చూసుకోవాలి.

ఉగాది నాటికి నారు పోయండి. అందరికీ శుభాకాంక్షలు!