కోరంగి: రేవు నుండి మడఅడవి వరకు

కాకినాడ నుండి యానాము పోవు బాటలో చొల్లంగి దాటిన పిమ్మట ఎడమ ప్రక్కను పచ్చని పొదల వరుస యొకటి కనుపించును. బస్సులలో పోవువారు దానిని ఎందునకును కొరగాని చిట్టడవిగా తలచి చూపు మరల్చుకొందురు. ఆ పొదల నడుమనే యొకప్పుడు దేశదేశముల ఓడలు లంగరు వేసిన రేవు కలదనియు, ఆ రేవును మూసివేసిన బురదయే ఈ అడవికి తల్లి యనియు ఎరిగినవారు తక్కువ.

ఈ తీరమున కాలినడక నూతనమైన వినోదము కాదు. గౌతమ మహర్షి తెచ్చిన గోదావరి సప్తర్షుల పేర ఏడు పాయలై సముద్రమును చేరినదని మనవారి విశ్వాసము. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో తుల్యభాగా సంగమమున స్నానమాడి, కోరంగిలో ఆత్రేయను సేవించి, తక్కిన సంగమములను వరుసగా దర్శించుచు, తుదకు అంతర్వేదిలో వసిష్ఠా సంగమమును చేరుట సప్తసాగర యాత్ర యనబడును. సంతానము కోరు దంపతులు విశేషముగా ఈ యాత్ర చేయుచుండిరి. ఇసుకలోను బురదలోను నడచి, పాయలను పడవలపై దాటి, మడచెట్ల నీడను విశ్రమించిన ఆ యాత్రికులు ఈ తీరమును ఎరిగినంతగా ఏ సర్వే ఉద్యోగియు ఎరిగియుండడు.

కోరంగి కీర్తికి కారణము దాని స్థానమే. గౌతమీ గోదావరి నుండి యానాము వద్ద చీలిన పాయపై, సముద్రపు అలల తాకిడి నేరుగా తగులని చోట అది వెలసెను. చేరువనే ఇంజరములో ఇంగ్లీషు కంపెనీవారికి 1708 నుండి వర్తకశాల యుండెను. యానాములో ఫ్రెంచివారు, జగన్నాథపురమున డచ్చివారు నూలుబట్టల వ్యాపారమునకై కాపురముండిరి. 1802లో కోరంగిలో ఓడల మరమ్మతునకై ఒక గోదీ నిర్మింపబడెను. కలకత్తాకును తిరుకోణమలకును నడుమ పెద్ద ఓడలు మరమ్మతు పొందగల చోటు ఇదియొక్కటే యని ఆనాటివారు వ్రాసియున్నారు. ప్రక్కనున్న తాళ్ళరేవున కొయ్య ఓడల నిర్మాణము చిరకాలము సాగెను. ఓడ కట్టుట, తెరచాప కుట్టుట, సరంగుగా పోవుట ఈ ప్రాంతపు కుటుంబములకు కులవృత్తులవలె నుండినవి.

అయితే ఈ వైభవమంతయు సముద్రమట్టమునకు కొద్ది అడుగుల ఎత్తున నిలిచినది. 1787 మే నెలలో ఈ తీరమున ఘోరమైన ఉప్పెన వచ్చినట్లు ఇంగ్లీషువారి కాగితములు చెప్పుచున్నవి. 1789 డిసెంబరు నాటి ఉప్పెన వృత్తాంతము మరింత భయంకరము. గాలివాన నడుమ మూడు పెద్ద కెరటములు ఒకదాని వెనుక నొకటి వచ్చినవట. మొదటిది ఊరిలోనికి కొన్ని అడుగుల నీటిని తెచ్చెను; రెండవది పల్లపు భూములను ముంచెను; మూడవది సర్వమును కప్పివేసెను. సముద్రము వెనుకకు పోవునప్పుడు మేటలుగా మిగిల్చిన ఇసుకయు బురదయు మృతదేహములను వెదకుటకు కూడ వీలులేకుండ చేసినవి. పెద్ద ఓడలు రాకుండ నదీముఖమును సైతము మూసివేసినవి. ప్రజలు మృతులకై విలపించుచుండగా నది తన ద్వారమును తాను మూసికొనుట ఆరంభించెనన్నమాట.

అయినను జనము కోరంగిని విడువలేదు; ఏబది యేండ్లలో ఊరు మరల లేచెను. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చెను. ఇందు మూడు లక్షలమంది మరణించిరన్న లెక్క అనేక గ్రంథములలో కనుపించును. ఒక రేవునకును దాని చుట్టుప్రక్కల పల్లెలకును ఆ సంఖ్య మిక్కిలి హెచ్చు. ఒకరు వ్రాసినదానిని వేరొకరు పరిశీలింపక ఎత్తి వ్రాయుచు వచ్చిరని తోచును. లెక్క యెట్లున్నను, కోరంగి ఆ దెబ్బనుండి మరి కోలుకొనలేదు.

ఈ విపత్తు ప్రపంచభాషలలో ఒక గురుతు మిగిల్చినది. ఓడ కప్తానుగా పనిచేసి కలకత్తాలో స్థిరపడిన హెన్రీ పిడింగ్టన్ అను నతడు బంగాళాఖాతపు గాలివానల వృత్తాంతములను, ఓడల దినచర్య పుస్తకములను ఏండ్ల తరబడి సేకరించి, గాలి చుట్టలుగా తిరుగుచు వచ్చునని నిరూపించెను. అతడు పరిశీలించిన వానిలో కోరంగి ఉప్పెన ముఖ్యమైనది. పాము చుట్టను తెలుపు గ్రీకు మాట ననుసరించి అతడు కల్పించిన ‘సైక్లోన్’ అను పదము 1848లో అచ్చయిన అతని గ్రంథమున వెలువడి లోకమంతట వ్యాపించెను. వంగదేశమున మాతలా నదిపై క్రొత్త రేవు కట్టదలచినప్పుడు, ఉప్పెన దానిని ముంచునని 1853లో డల్‌హౌసీ ప్రభువునకు అతడు హెచ్చరిక వ్రాసెను. ఎవరును చెవినిడలేదు. అతడు 1858లో మరణించెను. 1867లో ఆ కానింగు రేవు గాలివానకు పాడయ్యెను. కోరంగి నేర్పిన పాఠమును కోరంగి ప్రజల మరణముతోనే కొనవలసివచ్చెను. ఆ పాఠమును సయితము పాలకులు నేర్వకపోయిరి.

తరువాతి కథ త్వరగానే ముగియును. ఒండ్రు పేరుకొని పాయ మెరకయ్యెను. ఓడలు పెద్దవై, ఆవిరి యంత్రములతో లోతైన నీటిని కోరినవి. 1861 మొదలు 1865 వరకు జరిగిన అమెరికా అంతర్యుద్ధము వలన ప్రత్తికి గిరాకి కలిగి కాకినాడ పెరిగెను. కోరంగి వర్తకము అచ్చటికి తరలెను. పేరు మాత్రము సముద్రము దాటిపోయినది. బర్మాలో రంగూను రేవునను, బియ్యపు మరలలోను చెమటోడ్చిన తెలుగు కూలీలనందరిని, వారు ఏ యూరివారైనను, ‘కోరంగీలు’ అనిరి. మారిషస్ దీవిలోను తెలుగువారికి ఆ పేరే కలిగెను. 1930 మే నెలలో రంగూను అల్లరులలో పలువురు ప్రాణములు కోల్పోయినదియు ఆ పేరు మోసిన కూలీలే. ఊరు చిన్న పల్లెగా మారుచుండగా ఊరి పేరు ఒక జాతికి పేరయ్యెను.

ఓడలు రాలేని బురదలో మడచెట్లు బాగుగా అల్లుకొనినవి. ఉప్పునీటిలో బ్రతుకుటకు వానికి ప్రకృతి యిచ్చిన ఉపాయములు విచిత్రములు. నల్లమడ, తెల్లమడ చెట్ల చుట్టును మేకులు నాటినట్లు బురదనుండి పైకి లేచిన వేళ్ళుండును. పాటు వేళ అవి గాలి పీల్చును. ఆకులు గ్రహించిన ఉప్పును బయటకు చెమర్చును. ఎండలో ఆకుపై తెల్లని పొడి కనుపించును. పొన్నచెట్టు ఊతకర్రలవంటి వేళ్ళపై నిలుచును. దాని గింజ తల్లిచెట్టుపైననే మొలకెత్తి, బాణమువలె బురదలో దిగి నాటుకొనును. తిల్లచెట్టు పాలు కంటబడిన చూపు చెడునని కట్టెలు కొట్టువారు జంకుదురు.

నేడు చెక్కబాటపై నడచువానికి పాటు వేళ దృశ్యము మిక్కిలి రమణీయము. ఒక కొండి మాత్రమే పెద్దదిగా గల పీతలు కన్నముల వాకిట దానిని ఊపుచుండును. రొమ్ము రెక్కలే కాళ్ళుగా చిన్న చేపలు బురదపై గెంతును. కాలువల ఒడ్డున నీటికుక్కలు మందలుగా తిరుగును. రాత్రివేళ నీట దుమికి చేపలు పట్టు బావురుపిల్లి ఇచ్చటి ప్రధాన మృగము. దాని అడుగుజాడలు చూచినవారే గాని దానిని చూచినవారు అరుదు. శీతకాలమున ఉత్తరదేశములనుండి ఉల్లంకి జాతులు కాకినాడ అఖాతపు బురదనేలలకు వచ్చి మేయును.

1978లో ప్రభుత్వము సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించెను. అంతకు పూర్వము ఈ అడవియే చుట్టుప్రక్కల పల్లెలకు వంటచెరకు, ఇంటివాసము, గేదెల మేత. వేటకును వలకును అడ్డు కలిగినప్పుడు మత్స్యకారులకు కోపము వచ్చుట సహజమే. కడుపు నిండినవారు అడవిని గూర్చి బోధించుట సులభము. అంతకంటె పెద్ద హాని రొయ్యల చెరువుల వలన వచ్చినది. ఆ చెరువుల విజృంభణమును గూర్చి 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు కఠినమైన తీర్పు చెప్పెను. అటుపిమ్మట స్వామినాథన్ పరిశోధనా సంస్థవారును అటవీశాఖవారును గ్రామస్థులతో కలిసి, పోటునీరు చేరక చవిటియైన నేలలలో చేపముల్లు ఆకారముగా కాలువలు త్రవ్వి మడమొక్కలు నాటిరి. నీరు వచ్చిపోవుట సాగగనే మొక్కలు నిలిచినవి.

1996 నవంబరు తుఫానున కోనసీమలో సుమారు వేయిమంది మరణించిరి. మడఅడవి ఉప్పెనను ఆపునని చెప్పుట అతిశయోక్తి; దాని వేగమును కొంత తగ్గించునని చెప్పుట న్యాయము. కెరటము మోడుల నడుమ చిక్కుపడి వచ్చుటకును, చదునైన చెరువులమీదుగా పరుగెత్తివచ్చుటకును భేదమున్నది. అడవి లేని గ్రామమునకు ఆ భేదము ప్రాణములతో సమానము.

అఖాతమునకు తూర్పున సుమారు 16 కిలోమీటర్ల పొడవున అడ్డుకట్టవలె పడియున్న హోప్ దీవి, గత రెండు శతాబ్దములలో గోదావరి ఇసుకతో ఏర్పడినదే. కోరంగిని మూసిన నది కాకినాడకు కాపుదలగా ఈ దీవిని కట్టినది. చలికాలపు చివర సముద్రపు తాబేళ్ళు దాని ఒడ్డున గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. మరపడవల వలలలో చిక్కి చచ్చినవియు అదే ఒడ్డునకు కొట్టుకొనివచ్చును. ఎగువ ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోవుచున్నందున ఇప్పుడు సముద్రమును చేరునది తగ్గినది. ఉత్తరమున ఉప్పాడ తీరము ఏటేట కోసుకొనిపోవుచున్నది. దీవిలో కొన్ని మత్స్యకారుల గుడిసెలు కలవు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు వారిని పడవలపై ఒడ్డునకు చేర్తురు. గాలి తగ్గిన పిమ్మట వారు మరల వలలు మోసికొని దీవికే పోవుదురు.