అణుభారమూ, రసవాదమూ

ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ అణుభారం లెక్క కట్టుట నేర్చుకొంటాడు. ఒక సంయోగ పదార్థపు అణువులో ఏ మూలకపు పరమాణువులు ఎన్ని ఉన్నవో చూచి, వాటి భారాలను ఆ సంఖ్యలతో గుణించి కూడితే చాలును. నీటి అణువులో ఉదజని పరమాణువులు రెండు, ఆమ్లజని పరమాణువు ఒకటి. రెండూ పదహారూ కలిసి 18. ఇది రెండు నిమిషాల పని. కాని ఈ కూడికలోని అంకెలు నిలకడకు రావడానికి అర్ధశతాబ్దం పట్టినది. అవి స్థిరపడిన కొద్ది యేండ్లకే వాటిని నేర్చిన ఒక ఆచార్యుడు హైదరాబాదుకు వచ్చి ఇక్కడి ఉన్నత విద్యకు పునాది వేసినాడు. ఆయనే అఘోరనాథ చట్టోపాధ్యాయుడు, సరోజినీ నాయుడి తండ్రి.

చిక్కు ఎక్కడ వచ్చినదో ముందు చూద్దాము. 1808లో ఇంగ్లండులో డాల్టన్ తన పరమాణు సిద్ధాంతాన్ని గ్రంథరూపంలో ప్రకటించినాడు. ఉదజని పరమాణువు భారం 1 అనుకొని మిగిలిన వాటిని దానితో పోల్చవలెనన్నాడు. నీటిలో ఒక పాలు ఉదజనికి ఎనిమిది పాళ్ళు ఆమ్లజని ఉన్నదని తూకం చెప్పగలదు. కాని అణువులో పరమాణువులు ఎన్నెన్ని ఉన్నవో తూకం చెప్పజాలదు. ఒకటికి ఒకటి అయితే ఆమ్లజని భారం 8, నీటి అణుభారం 9. ఉదజనివి రెండైతే ఆమ్లజని 16, నీరు 18. వీటిలో ఏది నిజము? డాల్టన్ సులభమైనదని మొదటిదాన్నే తీసుకొన్నాడు.

1811లో ఇటలీ దేశస్థుడైన అవొగాడ్రో దారి చూపినాడు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం వద్ద సమాన ఘనపరిమాణాలుగల వాయువులలో అణువుల సంఖ్య సమానమని ఆయన సూచన. అట్లయితే రెండు వాయువులను సమానమైన బుడ్లలో నింపి తూచితే, వాటి అణువులనే తూచినట్లు. అయితే ఈ సూచన నిలవాలంటే ఉదజని అణువులో రెండు పరమాణువులు జంటగా ఉన్నవని ఒప్పుకోవలెను. ఒకే జాతి పరమాణువులు ఒకదానితో ఒకటి ఎట్లా కలుస్తవని ఆనాటి పెద్దలు ఆక్షేపించినారు. అవొగాడ్రో మాట మరుగున పడినది. ఆయన 1856లో మరణించినాడు.

ఈలోగా గందరగోళం ముదిరినది. సిర్కాకు పులుపునిచ్చే ఎసిటిక్ ఆమ్లానికి అప్పట్లో వాడుకలో ఉన్న సంకేతాలను కెకులే 1861 నాటి తన గ్రంథంలో వరుసగా అచ్చువేస్తే 19 తేలినవి. ఒకే పదార్థానికి ఒక్కొక్క ప్రయోగశాలలో ఒక్కొక్క సంకేతమైతే గురువు నల్లబల్లమీద ఏమని వ్రాయవలెను?

1860 సెప్టెంబరులో జర్మనీలోని కార్ల్స్‌రూయీ నగరంలో రసాయనవేత్తల మహాసభ జరిగినది. ఇటలీనుంచి వచ్చిన కన్నిజారో అక్కడ అవొగాడ్రో సూచనను మళ్ళీ నిలబెట్టినాడు. ఆయన పద్ధతి నేటికీ తరగతిలో చెప్పదగినది. వాయువు ఉదజనికంటె ఎన్ని రెట్లు బరువో కనుగొని రెండుతో గుణిస్తే దాని అణుభారం. బొగ్గుపులుసు వాయువు 22 రెట్లు బరువు, కనుక 44. దానిలో కర్బనం వంతు విశ్లేషణలో 12 అని తేలుతుంది. కర్బన మోనాక్సైడు 14 రెట్లు, కనుక 28. అందులోనూ కర్బనం 12. చిత్తడినేలల్లో పుట్టే మీథేను 8 రెట్లు, కనుక 16. అందులోనూ కర్బనం 12 మాత్రమే. ఇట్లా ఎన్ని కర్బన సంయోగాలు చూచినా 12గాని, దాని గుణిజాలుగాని వస్తవి. అంతకు తక్కువ ఎక్కడా రాదు. కనుక కర్బన పరమాణువు భారం 12. ఇదే పద్ధతిన ఆమ్లజని 16 అని తేలినది. సభకు వెళ్ళిన యువకులలో మెండలీఫ్ ఒకడు. స్థిరపడిన ఆ అంకెల ఆధారంగానే 1869లో ఆయన మూలకాల ఆవర్తన పట్టిక కూర్చినాడు.

అఘోరనాథుడు ఎడింబరోలో చదివినది ఆ తరువాతి దశాబ్దంలో. అప్పుడక్కడ రసాయనశాస్త్రాచార్యుడు అలెగ్జాండర్ క్రం బ్రౌన్. అణువులో పరమాణువులు ఒకదానితో ఒకటి ఎట్లా ముడిపడి ఉన్నవో గీతలతో చిత్రించి చూపిన తొలివారిలో ఆయన ఒకడు. అఘోరనాథుడు 1851లో తూర్పు బెంగాలులో పుట్టి, విద్యార్థివేతనంపై విదేశం వెళ్ళి, డాక్టర్ ఆఫ్ సైన్సు పట్టం పొంది తిరిగివచ్చినాడు. నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా 1878లో హైదరాబాదు చేరినాడు. ఆయన తొలి ప్రధానాచార్యుడుగా నడిచిన హైదరాబాదు కళాశాలయే తరువాత నిజాం కళాశాల అయినది. 1887లో ఏర్పడిన ఆ కళాశాల నేడు బషీర్‌బాగులో ఉన్నది. అక్కడికి సమీపాననే, ఆబిడ్స్‌నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, ఆయన కుటుంబం నివసించిన ఇల్లు ఉన్నది. కుమార్తె 1905లో ప్రకటించిన కవితల సంపుటి పేరనే దానిని గోల్డెన్ త్రెషోల్డ్ అంటారు.

వింత ఏమిటంటే, ఇంతటి శాస్త్రజ్ఞుని ఇంట రసవాద ప్రయోగాలు కూడా సాగేవి. బంగారం చేసే కొత్త పాకం తెలిసినదంటూ ఎవరు వచ్చినా ఆయన ఆదరించేవాడని కుమార్తె ఒక లేఖలో తెలిపినది. ఇతర లోహాలను బంగారం చేయవచ్చునన్న ఆశ మన నేలలో పాతది. నాగార్జునుని పేరు రసవాదంతో ముడివడి ఉన్నది. వేమన కథలలోనూ పరుసవేది వస్తుంది.

ఆ ఆశకు అణుభారపు లెక్క ఏమని బదులు చెప్పగలదు? మైలుతుత్తాన్నే తీసుకొందాము. దాని అణువులో రాగి 63.5, గంధకం 32, నాలుగు ఆమ్లజని పరమాణువులు 64, ఐదు నీటి అణువులు 90. మొత్తం 249.5. దీని ద్రావణంలో ఇనుప మేకు ముంచితే కొంతసేపటికి మేకుమీద ఎర్రని రాగి పూత ఏర్పడుతుంది. చూచేవానికి ఇనుమే రాగి అయినట్లు తోస్తుంది. పూర్వపు రసవాదులు ఇట్టి వాటిని చూచే నమ్మినారు. తూచి చూచితే కథ తేలిపోతుంది. మేకులోని ఇనుము 56 పాళ్ళు ద్రావణంలోకి పోగా, అందులోని రాగి 63.5 పాళ్ళు బయటికి వచ్చినది. ఒక పరమాణువు దిగినది, ఒకటి ఎక్కినది. ఏదీ మారలేదు. మూసలో ఎంత కాచినా, ఎన్ని మూలికలు కలిపినా, పెట్టిన పరమాణువులే తిరిగివస్తవి. అణుభారాన్ని కూడికతో కట్టగలుగుటకు కారణం కూడా ఇదే.

ఉపాధ్యాయులు మరొకటి చేసి చూపవచ్చును. మైలుతుత్తం 5 గ్రాములు తూచి సన్నని మంటపై వేడిచేస్తే నీలిరంగు పోయి తెల్లని పొడి మిగులుతుంది. లెక్క ప్రకారం నీటి వంతు నూటికి 36, అనగా 1.8 గ్రాములు తగ్గవలెను. త్రాసు దాదాపు అంతే చూపుతుంది. మంట ఎక్కువైతే పొడి నల్లబడి లెక్క తప్పుతుంది.

అయితే రసవాదుల ప్రశ్న పూర్తిగా వెర్రిది కాదు. అఘోరనాథుడు 1915లో మరణించినాడు. నాలుగేండ్ల తరువాత, 1919లో, నత్రజని కేంద్రకాన్ని మార్చగలిగినట్లు రూథర్‌ఫర్డ్ ప్రకటించినాడు. పాదరసపు కేంద్రకంలో ప్రోటానులు 80, బంగారంలో 79. ఆ ఒక్కటి తొలగించుటే కావలసినది. 1941లో అమెరికాలో పాదరసంపై న్యూట్రానులను ప్రయోగించి బంగారాన్ని సృష్టించినారు కూడా. అది రేడియోధార్మికమై కొద్దికాలంలో క్షీణించేది, నగకు పనికిరాదు. మూలకం మారేది కేంద్రకంలో. కొలిమి వేడి అంత లోతుకు చేరదు.

1961లో రసాయనవేత్తలు పరమాణుభారాలన్నిటికీ కర్బనం-12ను ప్రమాణంగా తీసుకొన్నారు. ఈసారి విద్యార్థి మైలుతుత్తానికి 249.5 అని వ్రాసినప్పుడు, ఆ అంకెలో ఒక్కొక్క భాగం ఎక్కడినుంచి వచ్చినదో అడగండి. కన్నిజారో మూడు వాయువుల లెక్కను తానే వేసి కర్బనం 12 అని రాబట్టగలిగితే, అతనికి అణుభారం తెలిసినట్లే.