ఏజెన్సీ: ఒక ఆంగ్ల పదము, దాని అర్థములు, మన కొండల చరిత్ర

డుంబ్రిగుడ మండలములోని ఒక గ్రామములో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధుడు నన్నొక ప్రశ్న అడిగాడు. “అయ్యగారూ, గ్యాస్ ఏజెన్సీ అంటే సిలిండర్లు ఇచ్చే చోటు. మరి మా ఊళ్ళన్నిటినీ ఏజెన్సీ అంటారెందుకు? ఇక్కడ ఎవరు ఎవరికి ఏజెంటు?” “ఏజెన్సీ సంఘములు”, “ఏజెన్సీ పరిచర్య” అని ఎన్నో ఏళ్ళుగా పలుకుతూ వచ్చిన నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబును వెదకుటయే ఈ వ్యాసము ఉద్దేశ్యము.

1. పదము, పర్యాయపదములు

ఈ పదమునకు మూలము లాటిన్ భాషలోని “అగెరె” అను క్రియ. చేయుట, నడిపించుట అని దాని అర్థము. ఆంగ్లములో దీని నుండి ముఖ్యముగా మూడు అర్థములు ఏర్పడ్డాయి. మొదటిది, తనంతట తాను నిర్ణయించుకొని పనిచేయగల శక్తి. దీనిని తెలుగులో కర్తృత్వము అనవచ్చును. రెండవది, మరొకరి పక్షమున, వారిచ్చిన అధికారముతో పనిచేయుట. దీనికి మనకు పర్యాయపదములు అనేకము: వ్యవహారమును బట్టి ప్రతినిధి, గుమాస్తా, దళారి, ముక్తియారు, రాయబారి. నేడు న్యాయవాదికి వాడే “వకీలు” కూడా మొదట ప్రతినిధి అను అర్థము గలదే. మూడవది, అటువంటి పని జరిగే కార్యాలయము లేక సంస్థ.

మొదటి రెండు అర్థములు ఒకే వేరు నుండి పుట్టినా ఒకదానికొకటి ఎదురుగా నిలుస్తాయని గమనించాలి. ఒక దానిలో మనిషి తానే కర్త. రెండవ దానిలో కర్త వేరొకచోట ఉన్నాడు. పై మూడింటిలో ఏదియు ఒక ప్రాంతమునకు పేరు కాదు. మరి అది కొండలకు పేరెలా అయింది?

2. 1839 నాటి చట్టము

అంతకుముందు ఈ కొండలకు తెలుగువారు వాడిన మాట మన్నెము, మన్యము. పన్ను లేని భూమికి వాడే “మాన్యము” వేరు, ఇది వేరు. విజయనగరం పూసపాటి రాజుల బిరుదులలో “మన్నె సుల్తాన్” అన్నది ఒకటి. మైదానములోని రాజు కొండపై ఆధిపత్యమును చెప్పుకొన్న బిరుదు అది. అయినా మన్నెము అన్న మాట ఆ నేలనే సూచించింది.

1830వ దశకములో గంజాం, విశాఖపట్నం జిల్లాల జమీందారీలలో తిరుగుబాట్లు చెలరేగాయి. వాటిని అణచుటకు మద్రాసు ప్రభుత్వము జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమీషనరుగా పంపింది. మైదానపు కోర్టులు, నిబంధనలు కొండలకు పనికిరావని ఆయన అభిప్రాయము. ఆ సిఫారసు ఫలితమే 1839 నాటి 24వ చట్టము. దాని ప్రకారము ఈ రెండు జిల్లాల కొండ ప్రాంతములు సాధారణ న్యాయస్థానముల పరిధి నుండి తొలగించబడ్డాయి. సివిలు, క్రిమినలు న్యాయము, శిస్తు వసూలు అన్నియు జిల్లా కలెక్టరు చేతికి వచ్చాయి. ఈ హోదాలో ఆయన పేరు “గవర్నరు ఏజెంటు”. ఏజెంటు ఏలే ప్రాంతము గనుక అది ఏజెన్సీ అయింది.

కాబట్టి వృద్ధుని ప్రశ్నకు చరిత్ర ఇచ్చే జవాబు ఇది: ఏజెంటు కలెక్టరు, ఆయన పనిచేసినది మద్రాసులోని గవర్నరు పక్షమున. కొండ ప్రజలు ఆ మాటలో ఎక్కడా లేరు. ఇది మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలో ఆదివాసులపై నియమించిన అధికారిని ఏజెంటు అనీ, అతని కార్యస్థానమును ఏజెన్సీ అనీ పిలిచారు. పాకిస్తాను వాయవ్య సరిహద్దులోని గిరిజన ఏజెన్సీలు 2018లో ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో విలీనమయ్యే వరకు ఆ పేరుతోనే ఉన్నాయి.

3. మారిన పేర్లు, మారని పిలుపు

తరువాతి పేర్లు వరుసగా చూడదగినవి. 1874లో “షెడ్యూల్డు జిల్లాలు”, 1919లో “వెనుకబడిన ప్రాంతములు”, 1935లో “పాక్షికముగా మినహాయించబడిన ప్రాంతములు”, 1950లో రాజ్యాంగము అయిదవ షెడ్యూలు క్రింద “షెడ్యూల్డు ప్రాంతములు”. చట్టములో పేరు ఎన్నిసార్లు మారినా బస్సులో, సంతలో, పత్రికలో ఏజెన్సీ అన్న మాటే మిగిలింది.

ఈ పదము చరిత్ర అంతా చీకటి అని చెప్పుట న్యాయము కాదు. 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టము వడ్డీని ఏటా నూటికి 24కు మించనీయలేదు. ఏజెంటు అనుమతి లేకుండ కొండవారి భూమి ఇతరులకు బదిలీ అయితే చెల్లదన్నది. 1959 నాటి నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ఈ రక్షణను మరింత బిగించాయి. అయితే రక్షణ అంతా ఏజెంటు మెలకువపై ఆధారపడింది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది కూడా సంతలో మరొక విధమైన ఏజెంటు, అనగా దళారి, చేతి నుండి గిరిజనుని కాపాడుటకే. అటుపిమ్మట వచ్చిన ఐటీడీఏ పేరులోని చివరి అక్షరము మళ్ళీ ఏజెన్సీయే. ఇక్కడ మాత్రము దానిని “సంస్థ” అని తెలిగించారు.

4. ఒక్క మాట అర్థముపై ఒక తీర్పు

పదముల అర్థములు పండితుల వినోదము కావని చెప్పుటకు మన పొరుగు మండలమే సాక్ష్యము. అనంతగిరి మండలములోని బొర్రా ప్రాంతములో గనుల లీజులపై “సమత” సంస్థ వేసిన వ్యాజ్యము సుప్రీంకోర్టుకు చేరింది. గిరిజనేతర “వ్యక్తి”కి భూమి ఇవ్వరాదను నిబంధనలో “వ్యక్తి” అనగా ఎవరు? ఇచ్చే వ్యక్తులలో ప్రభుత్వము కూడా ఉన్నదా? 1997 జూలై 11న ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు ఉన్నదని తీర్పు చెప్పారు. కాబట్టి ప్రభుత్వ భూమిని సైతము గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వరాదు. ఒక్క మాటకు ఇచ్చిన అర్థము ఒక కొండను నిలిపింది.

5. ముగింపు

పరిశుద్ధ గ్రంథములో గృహనిర్వాహకుడు, రాయబారి అను మాటలు ఉన్నాయి. ఇద్దరూ ఏజెంట్లే, తమను నియమించినవానికి లెక్క అప్పగించవలసినవారే. 1839 నాటి ఏజెంటు లెక్క అప్పగించినది గవర్నరుకు. కొండ మీద పరిచర్య చేసే మనము ఎవరికి లెక్క అప్పగిస్తున్నాము? మైదానములోని కార్యాలయమునకు మాత్రమే నివేదికలు పంపి, ఇక్కడి విశ్వాసులను అడగకుండ వారి పక్షమున నిర్ణయించినప్పుడు, మనమును పాత అర్థములోని ఏజెంట్లమే.

1996 నాటి పెసా చట్టము, 2006 నాటి అటవీ హక్కుల చట్టము గ్రామసభకు నిర్ణయాధికారములో చోటిచ్చాయి. అక్కడ ఈ పదము తన మొదటి అర్థమైన కర్తృత్వమునకు తిరిగి వచ్చే అవకాశమున్నది. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాతో పాత మాట ప్రభుత్వ పటముపైకి తిరిగి వచ్చింది. క్షేత్ర నివేదికలు వ్రాసే వేదాంత విద్యార్థులకు నా మనవి ఒక్కటే: ఏజెన్సీ అని వ్రాయబోయే చోట ఒక్క క్షణము ఆగి, ఆ గ్రామము పేరు, ఆ తెగ పేరు వ్రాయండి. మా సంఘ పుస్తకములో నేను ఇప్పుడు అలాగే వ్రాస్తున్నాను.