పొట్ట తగ్గాలంటే క్రంచెస్ చాలవు: మనవాళ్ళ నడుము కొలత లెక్కే వేరు

ఏడాదికోసారి చేయించుకునే ఫిజికల్‌లో బీఎంఐ 24 అని వస్తుంది. చార్టులో అది నార్మల్ గడిలోనే ఉంటుంది, డాక్టర్ కూడా ఏమీ అనరు. ఇంటికొచ్చి అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడితే మాత్రం చొక్కా గుండీలు వేరే సంగతి చెబుతాయి. చేతులు సన్నగానే ఉంటాయి, కాళ్ళు సన్నగానే ఉంటాయి, పొట్ట ఒక్కటే ముందుకు వస్తుంది. అమెరికాలో డెస్క్ ఉద్యోగాల్లో ఉన్న మన తెలుగువాళ్ళలో, ముఖ్యంగా నలభై దాటిన మగవాళ్ళలో, ఇలాంటి శరీరం చాలా మామూలుగా కనిపిస్తుంది. 'మనవాళ్ళకి బొజ్జ సహజమేలే' అని నవ్వేసుకుంటాం. అయితే సహజమైనంత మాత్రాన ప్రమాదం లేనట్టు కాదు.

పొట్ట దగ్గర కొవ్వు రెండు రకాలు. చర్మం కింద ఉండి వేళ్ళతో పట్టుకుంటే దొరికేది ఒకటి. కండరాల గోడకి లోపల, పేగుల చుట్టూ, కాలేయం దగ్గర పేరుకునేది రెండోది. దీన్ని విసెరల్ ఫ్యాట్ అంటారు. చూడటానికి బాగాలేదని మనం బాధపడేది మొదటిదాని గురించి, నిజానికి భయపడాల్సింది రెండోదాని గురించి. ఈ లోపలి కొవ్వు నుంచి విడుదలయ్యే ఫ్యాటీ యాసిడ్లలో చాలా భాగం నేరుగా కాలేయానికి చేరతాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, ట్రైగ్లిజరైడ్లు పెరగడం, ఫ్యాటీ లివర్, టైప్ 2 డయాబెటిస్, గుండె జబ్బు అన్నీ ఈ దారిలో ఎదురయ్యేవే.

పొట్ట గట్టిగా, డోలులా ఉండి చర్మం వేళ్ళకి పెద్దగా దొరకకపోతే 'నాది కొవ్వు కాదు, గ్యాస్' అనుకునేవాళ్ళు ఉన్నారు. చాలాసార్లు అది లోపలి కొవ్వే.

మన శరీరాల తీరు గురించి 2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫోటో వచ్చింది. పుణేకి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. శరీరంలో కొవ్వు శాతం చూస్తే యుడ్కిన్‌కి 9.1, యాజ్ఞిక్‌కి 21.2. ఒకే ఎత్తుకి ఒకే బరువు తూగినా మనలో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం. షికాగో, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాల్లో దక్షిణాసియా వాళ్ళ మీద 2010లో మొదలైన మసాలా అనే అధ్యయనంలోనూ ఇదే ధోరణి కనిపించింది.

అందుకే మన హద్దులు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా వాళ్ళకి బీఎంఐ 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలని 2004లో చెప్పారు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి ఆసియన్ అమెరికన్లకి 23 దగ్గరే షుగర్ పరీక్ష చేయమంటోంది. అమెరికాలో సాధారణంగా వాడే నడుము కొలత హద్దు మగవాళ్ళకి 40 అంగుళాలు, ఆడవాళ్ళకి 35. దక్షిణాసియా మగవాళ్ళకి అది 90 సెంటీమీటర్లు, అంటే 35 అంగుళాలకి కొంచెం ఎక్కువ. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, సుమారు 31న్నర అంగుళాలు. 38 అంగుళాల నడుముతో 'ఇంకా 40 రాలేదుగా' అని ధీమాగా ఉండటానికి మనకి వీల్లేదన్నమాట.

ప్యాంట్ సైజు చెప్పి ఇదే నా నడుము అనకండి. మనలో చాలామంది బెల్టు పొట్ట కింద పెట్టుకుంటారు, కాబట్టి 34 సైజు ప్యాంట్‌లో 39 అంగుళాల పొట్ట హాయిగా ఇమిడిపోతుంది. కుట్టుపని టేపు తీసుకుని, చివరి పక్కటెముకకి, తుంటి ఎముక పైఅంచుకి సరిగ్గా మధ్యలో చుట్టి, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. పొట్ట లోపలికి లాగితే టేపుకే కాదు, మనకీ అబద్ధం చెప్పుకున్నట్టే. టేపు చేతికి అందినప్పుడు ఇంకో చిన్న లెక్క: నడుము మీ ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి.

క్రంచెస్‌తో కొవ్వు ఎందుకు కరగదు

ఒక కండరాన్ని కదిపితే దాని మీదున్న కొవ్వే కరుగుతుందన్నది పాత నమ్మకం. 1971లో టెన్నిస్ ఆటగాళ్ళ రెండు చేతుల మీద చర్మం కింద కొవ్వు కొలిచి చూశారు. రోజూ రాకెట్ పట్టే చేతిలో కండ ఎక్కువే గానీ, కొవ్వు మందం రెండు చేతుల్లోనూ ఒకేలా ఉంది. 2011లో వచ్చిన మరో చిన్న అధ్యయనంలో ఆరు వారాలు, వారానికి ఐదు రోజులు, ఏడు రకాల పొట్ట వ్యాయామాలు చేయించారు. నడుము తగ్గలేదు, పొట్ట కొవ్వూ తగ్గలేదు. కండరాల ఓర్పు మాత్రం పెరిగింది. శరీరం కొవ్వు తీసేటప్పుడు ఎక్కడి నుంచి తీయాలో మనల్ని అడగదు.

చెమట బెల్టుల సంగతి చెప్పనక్కర్లేదు. పోయేది నీరు, రెండు గ్లాసులు తాగగానే తిరిగి వస్తుంది. లైపోసక్షన్ కూడా చర్మం కింద కొవ్వుని తీసేదే. 2004లో సెయింట్ లూయిస్‌లో 15 మంది స్త్రీలకి సుమారు పది కిలోల కొవ్వు ఇలా తీశారు. పది పన్నెండు వారాల తర్వాత చూస్తే ఇన్సులిన్ పనితీరులో గానీ, బీపీలో గానీ, కొలెస్టరాల్‌లో గానీ మార్పు లేదు. లోపలిది లోపలే ఉంది మరి.

ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే, మొత్తం బరువు తగ్గడం మొదలైతే ఈ లోపలి కొవ్వు బాగానే కదులుతుంది. వ్యాయామానికీ లొంగుతుంది. బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గినా షుగర్, ట్రైగ్లిజరైడ్ల రిపోర్టుల్లో తేడా తెలుస్తుంది. వారానికి అర కిలో నుంచి కిలో లోపు తగ్గితే చాలు. మరీ వేగంగా తగ్గితే కండ కూడా పోతుంది, పిత్తాశయంలో రాళ్ళు ఏర్పడే అవకాశం పెరుగుతుంది.

మన కంచం

అన్నం మానేయమని చెప్పను, ఎందుకంటే మానేసినవాళ్ళు మూడో వారానికి రెట్టింపు తింటారు. కానీ కొలవండి. కొలిచే కప్పుతో ఒక కప్పు వండిన తెల్లన్నం సుమారు 200 క్యాలరీలు, అందులో ప్రోటీన్ నాలుగు గ్రాములు. పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి కలుపుకునే మన పద్ధతిలో రెండున్నర, మూడు కప్పులు తెలియకుండానే లోపలికి పోతాయి. ఆవకాయలో నూనె, పప్పులో నెయ్యి వేరే. టేబుల్ స్పూన్ నూనె 120 క్యాలరీలు. వేపుళ్ళకి సీసా వంచి పోసే అలవాటు ఉంటే, రేపటి నుంచి స్పూన్‌తో పోయండి. ఈ ఒక్క మార్పుకి జిమ్ మెంబర్‌షిప్ అక్కర్లేదు.

శాకాహారుల కంచంలో అసలు లోటు ప్రోటీన్. 70 కిలోల మనిషికి కనీసం 56 గ్రాములు కావాలి. మనం పల్చగా కాచే పప్పుచారులో అది పెద్దగా ఉండదు. ముద్దపప్పు, సెనగలు, పెసరట్టు, సోయా, పనీర్, గ్రీక్ యోగర్ట్ వాడుకోవచ్చు. తినేవాళ్ళకి గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల వండిన చికెన్ బ్రెస్ట్‌లో ముప్ఫై దాకా దొరుకుతుంది. కూర, ప్రోటీన్ ముందు తిని, అన్నం ఒక కప్పుతో చివర్లో కలుపుకుంటే ఆకలి గోల తక్కువ.

వీకెండ్ సంగతి కూడా చెప్పాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఓట్స్ తిని, శనివారం పాట్‌లక్‌లో బజ్జీలు, బిర్యానీ, డబుల్ కా మీఠా, పైన మూడు బీర్లు అయితే వారమంతా మిగిల్చింది ఒక్క సాయంత్రంలో హరీ. మామూలు బీర్ ఒక్కోటి 150 క్యాలరీలు. రాత్రి ఇండియా టీమ్‌తో కాల్స్ ఉన్నవాళ్ళకి ఇంకో బాధ: నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, అదీ తీపి మీదకీ, వేపుళ్ళ మీదకీ.

కదలడం, తర్వాత కండరం

వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు బరువులతో వ్యాయామం. మనవాళ్ళు నడక పెడతారు, రెండోది వదిలేస్తారు. మనలో కండ తక్కువని చెప్పుకున్నాం కదా, వదలకూడనిది అదే. స్క్వాట్లు, గోడకి పుషప్స్, డంబెల్స్‌తో మొదలుపెట్టినా చాలు. చలికాలంలో బయట మంచు ఉంటే మాల్‌లో నడవండి. భోజనం కాగానే పది నిమిషాలు నడిస్తే షుగర్ పెరుగుదల కాస్త తగ్గుతుంది.

పొట్ట కండరాల అసలు పని వెన్నుని నిలబెట్టడం. సిక్స్‌ప్యాక్‌గా కనిపించేది పైపొర. పక్కల్లో ఏటవాలు కండరాలు రెండు పొరలు, అన్నిటికంటే లోపల నడికట్టులా చుట్టుకుని ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్ ఉంటుంది. రోజంతా కూర్చుని నడుము నొప్పి తెచ్చుకున్నవాళ్ళకి వందల క్రంచెస్ కంటే, కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన స్టువర్ట్ మెక్‌గిల్ సూచించిన మూడు వ్యాయామాలు మేలు. మొదటిది: వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండు అరచేతులూ నడుము ఒంపు కింద పెట్టి, తల, భుజాలు కొద్దిగా మాత్రమే లేపి ఉంచడం. మెడ వంచకూడదు. రెండోది సైడ్ ప్లాంక్, కొత్తవాళ్ళు మోకాళ్ళు మడిచి చేయొచ్చు. మూడోది చేతులు, మోకాళ్ళ మీద నిలిచి కుడి చేయి, ఎడమ కాలు చాపడం, తర్వాత అటుది ఇటు. ఒక్కోటి పది సెకన్ల లోపు నిలిపి, మొదట ఆరుసార్లు, తర్వాత నాలుగు, తర్వాత రెండు. ఊపిరి బిగబట్టొద్దు.

కాన్పు తర్వాత తగ్గని పొట్ట వేరే విషయం. మధ్యలో కండరాలు విడిపోయి ఉండొచ్చు, దీన్ని డయాస్టాసిస్ అంటారు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, తల కాస్త లేపి, బొడ్డు పైన, కింద వేళ్ళతో చూసుకోండి. రెండు వేళ్ళ వెడల్పు, లేదా అంతకంటే ఎక్కువ సందు తగిలితే క్రంచెస్ మొదలుపెట్టకుండా ఫిజికల్ థెరపిస్టుని కలవండి. సిజేరియన్ అయినవాళ్ళు డాక్టర్ సరేనన్నాకే మొదలుపెట్టాలి. అయిదు నెలల గర్భిణిలా ఉన్నావని ఫంక్షన్లలో జోకులేసే చుట్టాలకి ఇది తెలియదు.

ఇన్సులిన్ లేదా షుగర్ తగ్గించే మాత్రలు వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు, ముందే డాక్టర్‌తో డోసు మాట్లాడుకోండి. పొట్ట కొద్ది వారాల్లోనే ఉబ్బినా, కాళ్ళ వాపు, కళ్ళ పచ్చదనం కనిపించినా, బొడ్డు దగ్గర బుడిపె లాంటిది వచ్చినా అది వ్యాయామంతో పోయేది కాదు, వెంటనే చూపించుకోవాలి. మామూలు ఫిజికల్‌లో మాత్రం బీఎంఐ 23 దాటితే ఏ1సీ, ట్రైగ్లిజరైడ్లు, లివర్ ఎంజైములు చూడమని మీరే అడగండి. ఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్. టేపు రెండు వారాలకోసారి, పొద్దున్నే ఏమీ తినకముందు. బరువులు ఎత్తడం కొత్తగా మొదలుపెట్టిన నెలల్లో తూకం కదలకపోయినా టేపు కదలొచ్చు, కాబట్టి రెండు అంకెలూ తేదీతో ఫోన్‌లో రాసిపెట్టుకోండి.