పూచీ పడే యజమాని

"స్పాన్సరు దొరికాడా?" అన్న ప్రశ్న నేడు మన యిళ్లలో "సంబంధం కుదిరిందా?" అన్నంత మామూలైపోయింది. బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, చెన్నపట్నంలోనైనా స్థిరపడిన మన కుటుంబాల పిల్లలు అమెరికాలో ఉద్యోగం చేయాలంటే, సాధారణంగా అక్కడి యజమాని ఒకడు ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టి పూచీ పడాలి. ఇది మొదటినుంచీ వున్న పద్ధతే అనుకుంటాము. కాని యజమానితో ముందుగా ఒప్పందం చేసుకొని రావడాన్నే ఆ దేశం అరవై యేళ్లకు పైగా నిషేధించింది.

అంతర్యుద్ధ కాలంలో పనివారు కరవై, 1864లో లింకను ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఓడచార్జీ యజమాని భరించవచ్చు. దానికి బదులు వచ్చినవాడు పన్నెండు నెలలకు మించకుండా తన జీతాన్ని తాకట్టు పెట్టవచ్చు. ఈ ఏర్పాటు మనవారికి తెలియనిది కాదు. గోదావరి, విశాఖ జిల్లాలనుంచి రంగూను వెళ్లి 'కోరంగీలు' అనిపించుకున్న కూలీలను మేస్త్రీలు బయానా యిచ్చి తీసుకుపోయినదీ యిలాగే. బాకీ తీరేదాకా మేస్త్రీ మాటే మాట.

అమెరికాలో ఆ చట్టం 1868లోనే రద్దయినా ఒప్పందాలు ఆగలేదు. చవకగా విదేశీయులను దింపి తమ కూలి పడగొడుతున్నారని అక్కడి కార్మికులు మొరపెట్టారు. అందులో ముందు నిలిచినవారు కిటికీ అద్దాలు చేసే నిపుణులు కావడం గమనించదగినది. 1885 చట్టం అటువంటి ఒప్పందాలను నిషేధించి, తలకు 1,000 డాలర్ల జరిమానా పెట్టింది. నటులు, గాయకులు, ఉపన్యాసకులు, యింటి నౌకర్లు, దేశంలో యింకా నెలకొనని కొత్త పరిశ్రమల నిపుణులు - వీరికి మాత్రం మినహాయింపు.

ఈ చట్టం ఒక చర్చికి తగులుకోవడం వినోదంగా వుంటుంది. న్యూయార్కులోని హోలీ ట్రినిటీ చర్చి 1887లో ఇంగ్లండునుంచి వారెన్ అనే మతగురువును కుదుర్చుకొన్నది. మినహాయింపుల జాబితాలో గాయకుడున్నాడు గాని గురువు లేడు! క్రింది కోర్టు చట్టాన్ని ఉన్నదున్నట్లు చదివి చర్చికి జరిమానా వేసింది. 1892లో సుప్రీంకోర్టు, చట్టం ఉద్దేశించినది మోటుకూలీలనే గాని గురువులను కాదని తీర్పు మార్చింది. చేతిపనివాడు వేరు, విద్యావంతుడు వేరు అనే గీత అక్కడ బాగా స్పష్టపడిందని నా అభిప్రాయం.

1952 చట్టంతో కథ తలక్రిందులైంది. పాత నిషేధం పోయి, విశేష ప్రతిభ గలవారికి హెచ్-1 వీసా వచ్చింది. దానికి యజమాని దరఖాస్తే ఆధారం. ఆనాడు భారతదేశం వాటాకు యేటా స్థిరనివాసం కేవలం 100 మందికే. 1965 చట్టం ఆ తలుపు తెరిచింది. 1990లో హెచ్-1బి యేర్పడి, సంవత్సరానికి 65,000 పరిమితి పెట్టారు. కంప్యూటర్ల గిరాకీలో అది 2001 నుంచి మూడేళ్లపాటు 1,95,000 దాకా పెరిగి మళ్లీ తగ్గింది. ఆ రోజులలో మద్రాసు తెలుగువారి యిళ్లకు చుట్టాల రాక యెక్కువ. 2009లో హైదరాబాదు కాన్సులేటు వీసాలివ్వడం మొదలుపెట్టేదాకా ఆంధ్రదేశం వారంతా జెమినీ కూడలికే రావలసి వుండేది.

పూచీలోని బిగువు కొంత సడలకపోలేదు. పని లేక 'బెంచి' మీద కూర్చోబెట్టినా జీతం ఇవ్వవలసిందేనని 1998 చట్టం కట్టడి చేసింది. కొత్త యజమాని దరఖాస్తు పెట్టగానే అతని వద్ద చేరవచ్చునని 2000 చట్టం అనుమతించింది. అంతకుముందు మంజూరయ్యేదాకా ఆగవలసిందే. ఉద్యోగం పోతే 60 రోజుల వరకు గడువు 2017లో వచ్చింది. మరోవైపు 2025 సెప్టెంబరులో, వెలుపలి దేశాలనుంచి కొత్తగా రప్పించే ఒక్కొక్కరికి యజమాని 1,00,000 డాలర్లు చెల్లించాలని, యేడాదికాలానికి, అధ్యక్షుని ప్రకటన వెలువడింది.

అసలు చిక్కు స్థిరనివాసపు వరుసలో వున్నది. ఉద్యోగం మీద యిచ్చే గ్రీన్‌కార్డులలో ఒక్కొక్క దేశానికి సుమారు నూటికి 7 వంతులనే నియమం వల్ల మనవారు యేళ్ల తరబడి వేచివుంటారు. ఈ మధ్య యజమాని మారితే వరుసలోని తేదీ సాధారణంగా నిలుస్తుంది గాని, కాగితాలు చాలావరకు మళ్లీ మొదలు. అందుకే జీతం పెరగకపోయినా, పై అధికారి చీదరించినా ఓర్చుకొని వున్నచోటనే వుండేవారు కలరు. చంకనెత్తుకొని తీసుకుపోయిన బిడ్డ అక్కడే చదివి 21 యేళ్లవాడైతే, తండ్రి వీసా నీడ అతనికి తొలగిపోతుంది. అప్పుడతడు పెరిగిన వూళ్లోనే వుండడానికి తన వీసా తాను వెతుక్కోవాలి.