బండెడు అంటే ఎంత? పెరిక ఎద్దు కాలం నుంచి పికప్ ట్రాలీ దాకా

వడ్ల కోతలు వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న వస్తున్నది. "అన్నా, పికప్‌కు వెనక హుక్కు కొట్టించి ట్రాలీ తగిలిస్తే ఎంత బరువు లాగుతది?" ఎక్కువగా మన రఘునాథపల్లి, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు నుంచే. నాలుగు వరుసల రోడ్డు పడ్డంక అందరికీ స్పీడు మీద మనసు పోయింది.

ఇంజన్ లాగుతదా అంటే లాగుతది. కానీ లాగుడు ఒక్కటే లెక్క కాదు. ఈ లెక్క మన తాతల కాలంలో ఎట్లుండె, ఎక్కడ మారింది, ఎక్కడ మనం తప్పిపోయినం అనేది చెప్తా. కొంచెం పొడుగు పోస్టు, ఓపికగా చదవండి.

ముందు ఒక మాట. మన దిక్కు సరుకును తూకంతో కంటే నిండుదనంతోనే ఎక్కువ కొలిచినం. పుట్టి అంటే ఇరవై తూములు. అది కొలత, తూకం కాదు. పుట్టెడు వడ్లు, పుట్టెడు జొన్నలు ఒక్క బరువు తూగవు. బండెడు కట్టెలు, బండెడు పెంట అన్నం. ఇప్పుడు ట్రిప్పు ఇసుక, ట్రాలీ మొరం అంటున్నం. పేరు మారింది గానీ అలవాటు అదే.

బండి కంటే ముందు సరుకు పోయింది ఎద్దు వీపు మీద. పెరిక అంటే ఎద్దు వీపుకు రెండు పక్కలా వేలాడేసే సంచి. ఆ పని చేసినోళ్ల కులానికే ఆ పేరు నిలిచింది. లంబాడీలు వందల ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కన్ అంతా తిరిగిండ్రు, మొఘల్ సైన్యాలకు తిండిగింజలు చేర్చిండ్రు. బాట లేని దగ్గర చక్రం పోదు, ఎద్దు పోతది. గుట్ట ఎక్కుతది, వాగు దాటుతది.

తర్వాత రైలు వచ్చింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు, 1886లో అక్కడి నుంచి వరంగల్‌కు, 1889లో బెజవాడకు నిజాం రైలు లైను చేరింది. రఘునాథపల్లి స్టేషన్ ఉన్నది ఆ లైను మీదనే. దూరం సరుకంతా రైలుకు పోయింది, ఎడ్లబండికి ఊరి నుంచి స్టేషన్‌కు, ఊరి నుంచి అంగడికి పోయే పని మిగిలింది. బండి మీద ఎంత వెయ్యాలనేది రైతు చేతిలోనే ఉండె అనుకోకండి. వెట్టి నడిచిన రోజుల్లో దొరకు, అధికారికి బండి కట్టమంటే కట్టుడే. ఎద్దు నాది, బరువు వాళ్ల ఇష్టం.

ఇప్పుడు చూడండి, ఈ చరిత్ర మొత్తం ఒక్క ప్రభుత్వ కాగితంలో దొరుకుతది. లాగే, మోసే పశువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1965లో కేంద్రం నియమాలు తెచ్చింది. అందులో మధ్యరకం ఎద్దుకు రాసిన అంకెలు ఇవి. వీపు మీద మోస్తే 150 కిలోలు. రెండు చక్రాల బండికి కట్టి, ఆ బండికి గాలి టైర్లు లేకుంటే 700. గాలి టైర్లుంటే 1,050. బాల్ బేరింగులుంటే 1,400.

ఎద్దు అదే, దాని బలమూ అంతే. వీపు నుంచి చక్రం మీదికి దిగంగనే బరువు నాలుగింతలు దాటింది, టైరు, బేరింగు వచ్చేసరికి తొమ్మిదింతలు దాటింది. పెరిగింది ఎద్దు సత్తువ కాదు, తగ్గింది చక్రం రాపిడి. ఇనుప పట్టా చక్రం పోయి టైరు బండి వచ్చినప్పుడు ఊళ్లల్లో అందరూ ఎందుకంత సంబురపడ్డరో ఈ అంకెలు చూస్తే తెలుస్తది.

అదే నియమాల్లో ఇంకో రెండు మాటలున్నయి. వాటిని ఎవ్వరూ చదవరు, నాకైతే అవే ముఖ్యం. బాటలో కిలోమీటరుకు తక్కువ కాని ఎత్తు ఎక్కేది ఉండి, ఆ ఎత్తు 30 మీటర్లకు 3 మీటర్ల కంటే ఎక్కువైతే, పైన చెప్పిన బరువులన్నీ సగానికి సగం తగ్గించాలె. ఎండ 37 డిగ్రీలు దాటే చోట పగలు పన్నెండు నుంచి మూడు దాకా ఎద్దును కట్టనే కూడదు. అంటే ఎంత మోయాలనేది బండిని బట్టి ఒక్కటే కాదు, బాటను బట్టి, ఎండను బట్టి కూడా అని 1965లోనే రాసిండ్రు. ఎద్దుకు ఇచ్చిన ఈ రక్షణ మనం ట్రాక్టర్ మీద కూసున్నంక మర్చిపోయినం. ట్రాక్టర్ రొప్పదు, నురుగు కక్కదు కదా!

ట్రాక్టర్ సంగతికి వద్దాం. మన దేశంలో ట్రాక్టర్ తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. తర్వాత మాస్సీ, మహీంద్రా, హెచ్‌ఎంటీ, స్వరాజ్ వచ్చినయి. 2013 నాటికి మన జహీరాబాద్‌లోనే మహీంద్రా ట్రాక్టర్లు తయారైనయి. దున్నడానికని కొన్న ట్రాక్టర్ ఏడాదిలో ఎక్కువ రోజులు ట్రాలీ లాగుడులోనే గడుపుతున్నది. తప్పేం కాదు, కిస్తీలు కట్టాలె కదా.

పొడుగు పది ఫీట్లు, వెడల్పు ఆరు, ఎత్తు రెండు ఫీట్ల ట్రాలీ తీసుకోండి. మొత్తం 120 ఘనపుటడుగులు, అంటే సుమారు 3.4 ఘనపు మీటర్లు. అంచు దాకా వడ్లు పోస్తే రెండు టన్నుల చుట్టుపక్కల ఉంటది. అదే ట్రాలీలో పొడి ఇసుక అయిదున్నర టన్నులు. వాగులో నుంచి అప్పుడే తీసిన తడి ఇసుక అయితే ఆరున్నర. కంటికి మూడూ "ట్రాలీ నిండింది" అనే కనిపిస్తయి. పత్తి దీనికి ఉల్టా. బరువుండదు గానీ ఎత్తు పెరుగుతది, మూల మలుపు కాడ పక్కకు ఒరుగుతది.

ఆ బరువును ఆపేది ఎవరు? చాలా ట్రాలీలకు బ్రేకులే ఉండవు. రెండు టన్నుల ట్రాక్టర్, దాని వెనక రెండు టైర్లు, అంతే. నేను వేసుకున్న మోటు లెక్క చెప్తా. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ఒట్టి ట్రాక్టర్ బ్రేకు పట్టినంక ఎనిమిది మీటర్లలో ఆగుతది. వెనక ఎనిమిది టన్నుల ట్రాలీ ఉంటే దాదాపు 40 మీటర్లు కావాలె. ట్రాలీ బరువు కొంత ట్రాక్టర్ మీద పడి టైర్లు గట్టిగా పట్టుకుంటే కాస్త తగ్గుతది. తడి రోడ్డయితే ఇంకా పెరుగుతది. మధ్యలో ఒక బర్రె అడ్డం వచ్చిందనుకోండి.

ఎత్తు సంగతి కూడా అట్లనే. చదును తారు రోడ్డు మీద అయిదు టన్నుల ట్రాలీని కదిలిస్తూ పోవడానికి వంద కిలోల లాగుడు చాలు. పదికి ఒకటి ఎత్తు వచ్చిందంటే దానికి ఇంకో అయిదు వందల కిలోలు కలుస్తది. దిగేటప్పుడు అదే బరువు వెనక నుంచి ట్రాక్టర్‌ను తోస్తది. అప్పుడు న్యూట్రల్ చేసి డీజిల్ మిగిల్చుకుందామనుకునే తెలివి ప్రాణం తీస్తది.

ట్రాలీని ఎక్కడ తగిలిస్తున్నమనేది కూడా పాత పాఠమే. అమెరికాలో 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లు వచ్చినయి. తేలికవి, చవుకవి. వెనక లాగే వస్తువు మొండికేస్తే ముందు చక్రాలు పైకి లేసి, నడిపేటోని మీదనే తిరగబడేటివి. హ్యారీ ఫెర్గూసన్ తన మూడు పాయింట్ల అమరికతో నాగలిని ట్రాక్టర్‌లో భాగం చేసి ఆ ఆపదను చాలా తగ్గించిండు. 1938లో ఆయన ఫోర్డ్‌తో చెయ్యి కలిపిండు, 1939లో ఆ ట్రాక్టర్ బయటికొచ్చింది. ఇప్పుడు మన ట్రాక్టర్ల వెనకున్నది ఆ అమరికే. కానీ బురదలో దిగబడ్డ ట్రాలీని గుంజడానికి గొలుసు తీసుకపోయి టాప్ లింక్ కాడ కడితే, మళ్లీ 1917కు పోయినట్టే. గొలుసు ఎప్పుడైనా వెనక ఇరుసు కంటే కిందనే ఉండాలె.

కంపెనీ చెప్పిన అంకెను నమ్మాలా అనేది కూడా పాత తగాదానే. నెబ్రాస్కాలో విల్మట్ క్రోజియర్ అనే రైతు పనికిరాని ట్రాక్టర్ కొని మోసపోయిండు. తర్వాత శాసనసభకు పోయి, పరీక్ష పాసు కాని ట్రాక్టర్ తమ రాష్ట్రంలో అమ్మొద్దని 1919లో చట్టం తెప్పించిండు. మన దగ్గర మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థలున్నయి. డ్రాబార్ మీద ట్రాక్టర్ ఎంత లాగుతదో అక్కడ కొలిచి రిపోర్టు ఇస్తరు. కొనేముందు ఆ రిపోర్టు అడగండి.

పికప్‌లకు ఈ లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది. ట్రాలీలు బాగా వాడే అమెరికాలో కూడా 2008 దాకా ఏ కంపెనీకి ఆ కంపెనీ తోచిన అంకె వేసుకునేది. ఆ ఏడు జె2807 అనే ఉమ్మడి పద్ధతి వచ్చింది. డేవిస్ డ్యామ్ కాడి సుమారు 18 కిలోమీటర్ల ఎత్తుబాట లెక్కన, మండుటెండలో, ఏసీ నడుపుతూ బండి వేగం తగ్గకుండా లాగాలె. బ్రేకుల పరీక్ష వేరేగా ఉంటది. ఎత్తు, ఎండ. 1965లో మనోళ్లు ఎద్దు కోసం రాసిన రెండు మాటలే!

ఒక్క విషయం బాధతో చెప్పాలె. 2018 జూన్ 24న మన పక్క యాదాద్రి జిల్లా వలిగొండ మండలం వేములకొండ కాడ పొలం పనికి పోతున్న కూలీల ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో పడింది. పదిహేను మంది పోయిండ్రు, ఎక్కువ మంది ఆడోళ్లే. దానికి బరువే కారణమని నేను అనడం లేదు. ట్రాలీ మనుషుల కోసం చేసింది కాదు. అది బోల్తా పడితే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. నాటుకైనా కలుపుకైనా అందులో కూలీలను ఎక్కించకండి.

ఇక అడిగినోళ్లకు జవాబు. మీ పికప్‌తో ఇచ్చిన పుస్తకం తియ్యండి. ట్రాలీ లాగే బరువు అందులో రాయకుంటే ట్రాలీ కట్టకండి. వెల్డింగ్ షాపులో కొట్టించిన హుక్కు ఆ అనుమతి ఇయ్యదు. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషన్ కూడా కావాలె. ఆర్సీలో ఉన్న బరువు దాటితే, 2019లో సవరించిన కేంద్ర చట్టం ప్రకారం 20,000 జరిమానా, పైన ప్రతి టన్నుకు 2,000.

పుస్తకంలో అంకె ఉంటే లెక్క ఇట్ల. బండి, ట్రాలీ కలిపి 4,500 కిలోలు అని ఉన్నదనుకుందాం. డ్రైవరు, సామానుతో పికప్ 2,800 తూగితే మిగిలింది 1,700. ఖాళీ ట్రాలీ 500 తీసేస్తే 1,200. నలభై కిలోల వడ్ల బస్తాలయితే ముప్పై, అది కూడా చదును బాటకు. ట్రాలీ మొత్తం బరువులో పదో వంతు హుక్కు మీద పడేటట్టు బస్తాలు కొంచెం ముందుకు పేర్చాలె. మన పెద్దలకు ఇది తెలుసు. ముందు బరువైతే కాడి ఎడ్ల మెడ మీద కూసుంటది, వెనక బరువైతే నొగ లేసి మెడతాళ్లు బిగుసుకుంటయి. పికప్ వెనక అదే తప్పు చేస్తే ట్రాలీ పాములాగ ఊగుతది.

ఈ అంకెలు కంటితో తెలియవు. ఖాళీ బండిని ఒకసారి, నిండిన బండిని ఒకసారి ధరమ్ కాంటా మీదికి ఎక్కించండి. ఆ రెండు చీటీలు ఆర్సీ పక్కన పెట్టుకోండి. వడ్లకు ఒక చీటీ, మక్కలకు ఒకటి, ఇసుకకు ఒకటి. మూడు చీటీలు చేతికొచ్చినంక కామెంట్‌లో పెట్టండి, కలిసి లెక్క చూద్దాం.